సెయింట్ ఆగస్టీన్‌లో మా నిర్మల తిన్నవి, తినలేనివి

మేము వెళ్ళాలనుకున్నది స్పెయిన్ దేశంలోని సెవిల్‌కి. వెళ్ళింది ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌కి. అక్కడికి వెళ్ళనివారి కోసం ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఊరి గురించి ఎంత రాస్తానో మా చెల్లెలి పళ్ళెం గురించీ అంతే రాస్తాను. ఆ నాలుగు రోజులూ మేము ఊరిని చూసింది తక్కువ, ఆ పళ్ళెంలోకి చూసింది ఎక్కువ.

మా చెల్లెలు నిర్మల, దాని భర్త సుధాకర్ మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటారు. సుధాకర్ కార్లకి సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. పెళ్ళయి పాతికేళ్ళు నిండే ఏడాది సెవిల్ చూడాలని ఇద్దరూ టిక్కెట్లు కొనుక్కున్నారు. హోటల్లో తిండి ఆర్డర్ చేయడానికని సుధాకర్ కారులో వెళ్తూ వస్తూ స్పానిష్ పాఠాలు కూడా విన్నాడు. ఈలోగా నిర్మలకి నాలుక మొదట్లో గడ్డ తేలింది. నేను భీమవరంలో హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని కాబట్టి ఎవరినీ అడగనక్కర లేకుండా, కబురు తెలియగానే సూట్‌కేసు సర్దుకుని వచ్చేశాను.

రేడియేషన్‌తో గడ్డ కరిగిపోయింది, దేవుడికి స్తోత్రం. దాంతోపాటు రుచీ పోయింది, నోట్లో తడీ పోయింది. కొన్ని నెలలు పొట్టకి గొట్టం వేసి అందులోంచి తిండి పోశారు. క్రిస్మస్‌కి ముందు గొట్టం తీసేసి ఇక నోటితో తినమన్నారు. తింటే కదా. వారం వారం మనిషి తగ్గిపోతోంది. మార్చి నెలలో మళ్ళీ చూస్తామనీ, అప్పటికి బరువు ఇంకా తగ్గితే గొట్టం తిరిగి వేయక తప్పదనీ డాక్టరు చెప్పారు. నిర్మల ఆయన ముందు తల ఊపింది. కారెక్కాక అంది.

"మళ్ళీ గొట్టం వేయించుకోను అక్కా. ఏమైనా సరే."

ఆ 'ఏమైనా సరే'కి అర్థం కారులో ఉన్న ముగ్గురికీ తెలుసు.

ఇది 2013 సంగతి. ఇంటి ముందు మంచు నల్లబడి గుట్టలుగా పడి ఉంది. ఒకనాడు సుధాకర్ లాప్‌టాప్ మూసి, "వదినగారూ, స్పెయిన్ ఇప్పుడు కుదరదు. స్పెయిన్ వాళ్ళు కట్టిన ఊరు ఒకటి ఫ్లోరిడాలో ఉంది. ఎండ ఉంటుంది. ప్లేస్ మారితే ఏమైనా తింటుందేమో, ట్రై చేద్దాం" అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన బుధవారానికి ముందు శుక్రవారం బయలుదేరాం.

సింహాల వంతెన

మేము వచ్చిన దారిలో ఊళ్ళోకి రావాలంటే ఒక వంతెన దాటాలి. దాని చివర రెండు పాలరాతి సింహాలు కూర్చుని ఉంటాయి. దాటగానే ఎర్ర పెంకుల కప్పులు, గుండ్రటి గోపురాలు, ఇనప ఊచల బాల్కనీలు, సన్నని సందులు. మిషిగన్‌లో కారు లేనిదే పాలపాకెట్టు కూడా రాదు. ఇక్కడ జనం రోడ్డు మధ్యలో నడుస్తున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

స్పెయిన్ వాళ్ళు ఈ ఊరు పెట్టింది 1565లో. మనకి అది నిన్న మొన్నటి లెక్క. అమెరికాలో మాత్రం అది మహా వృద్ధాప్యం. అందుకని ప్రతి గోడకీ 'అతి పాతది' అని ఒక పలక కొట్టారు. అతి పాత ఇల్లు, అతి పాత వీధి, అతి పాత చెక్క బడి. నేను బడి అనగానే లోపలికి దూరాను. గాలివానకి ఎగిరిపోకుండా బడి చుట్టూ ఇనప గొలుసు చుట్టి లంగరు వేశారు. అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టే చీకటి గూడు ఒకటి మెట్ల కింద ఉంది. నా సర్వీసులో అలాంటి గూడు కావాలని చాలాసార్లు అనిపించింది గాని, చూశాక కట్టించనందుకు సంతోషించాను.

సాయంత్రం స్పానిష్ భోజనం పెట్టే హోటలుకి వెళ్ళాం. నల్ల చిక్కుడు గింజల్ని మన పప్పులా ఉడికించి అన్నం మీద పోసి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చారు. పన్నెండు డాలర్లు, అంటే ఆరువందల యాభై రూపాయలు. అందులో మిరపకాయ అన్నది లేదు. చుట్టూ అందరూ హాయిగా తింటున్నారు. ఊరు ఊరంతా పథ్యం చేస్తున్నట్టుంది.

నిర్మల చెంచాతో కాస్త తీసుకుని నోట్లో పెట్టుకుంది. అది నోట్లో పెట్టుకుని మింగేదాకా మేమిద్దరం వేరే ఎటో చూస్తున్నట్టు నటిస్తాం. నటిస్తున్నామని దానికీ తెలుసు. మూడు చెంచాలు తిని నీళ్ళ సీసా అందుకుంది.

"ఎలా ఉంది?" అన్నాను, ఆగలేక.

"అట్టముక్క తడిపి పెట్టినట్టుంది. నిన్న ఇంట్లో పెరుగన్నం కూడా ఇంతే. దీని తప్పేం లేదక్కా."

సర్వర్ వచ్చి బాగుందా అని అడిగితే మాత్రం, చాలా బాగుందని చిరునవ్వుతో చెప్పింది. మిగిలినదంతా సుధాకర్ తన ముందుకి లాక్కుని తినేశాడు. జబ్బు వచ్చిన దగ్గర నుంచీ నిర్మల వదిలేసినవన్నీ ఇలాగే తింటున్నాడు. దాని ఒంట్లో తగ్గినదంతా ఈయన ఒంట్లోకి చేరింది.

గుండ్లు మింగిన కోట

మర్నాడు పొద్దున కోటకి వెళ్ళాం. టిక్కెట్టు మనిషికి ఏడు డాలర్లు. వయసు మళ్ళినవాళ్ళకి తగ్గింపు ఉందని చదివి నేను పాస్‌పోర్టు తీశాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నవ్వి, అది అమెరికా వాళ్ళకేనంది. ముసలితనానికి కూడా పౌరసత్వం కావాలన్నమాట.

సముద్రపు గుల్లలూ గవ్వలూ కోట్ల కొద్దీ ఒకదానికొకటి అతుక్కుని రాయిగా మారితే, ఆ రాతితో కట్టారు ఈ కోటని. చేత్తో రుద్దితే ఇసుకలా రాలుతుంది. ఇంత మెత్తని రాయితో కోటేమిటని నేను పైకే అన్నాను. పాతకాలపు స్పానిష్ సిపాయి వేషంలో ఉన్న ఒక పెద్దాయన విని, ఏమంటున్నానని సుధాకర్‌ని అడిగాడు. తెలుసుకుని ఓపికగా చెప్పాడు. గట్టి రాయి అయితే ఫిరంగి గుండు తగలగానే పగిలిపోయేదట. ఇది మెత్తగా ఉండబట్టే గుండ్లు లోపలికి దిగి ఆగిపోయాయట. ఇంగ్లీషువాళ్ళు వారాల తరబడి కాల్చినా గోడ కూలలేదు, మింగేసింది అన్నాడాయన.

నిర్మల గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

"దీనికి ఇనుము మింగుడు పడింది. నాకు ఇడ్లీ మింగుడు పడట్లేదు" అంది. అది నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

మేడ మీద వేషధారులు వరసగా నిలబడి స్పానిష్‌లో కేకలు పెట్టి ఫిరంగి పేల్చారు. పొగ సముద్రం మీదికి పోయింది. తను నేర్చుకున్న పాఠాల్లోని మాట ఒకటి ఆ కేకల్లో వినబడిందని సుధాకర్ భార్య చెవిలో చెప్పాడు. సెవిల్లో భోజనానికి పనికొస్తుందనుకున్న భాష ఇక్కడ ఫిరంగికి పనికొచ్చింది. నిర్మల ఆయన భుజం మీద తల ఆనించింది. నేను అటు తిరిగి సముద్రం చూశాను.

నీలిమందు కూలీల మిరపకాయ

ఆ మధ్యాహ్నం జరిగింది రాయకుండా దాటేస్తే బాగుండును. కానీ ఆ ఊరి తిండి గురించి రాస్తూ ఇది రాయకపోతే కుదరదు.

ఉప్పుటేరు పక్కన రేకుల కప్పు వేసిన చిన్న హోటలు. నడిపే ఆవిడ పేరు డోనా, నా వయసే ఉంటుంది. గుల్ల చేపల మాంసం వేసి టమాటాలతో కాచిన ఎర్రటి చారు ఆ ఊరి ప్రత్యేకమని చెప్పి మూడు గిన్నెలు పెట్టింది. బల్ల మీద ఒక సీసా ఉంది. అందులో పసుపు రంగు మిరపకాయల పులుసు. ఫ్లోరిడాలో దిగాక మొదటిసారి మిరపకాయ కనబడేసరికి పరాయి ఊళ్ళో మేనత్త ఎదురైనట్టయింది. ఇదేమిటని అడిగాను. డోనా కుర్చీ లాక్కుని కూర్చుంది.

వాళ్ళ పూర్వీకులది మినోర్కా అని స్పెయిన్ పక్కన ఒక దీవి. నీలిమందు తోటల్లో పని ఉందని ఒప్పందం రాయించుకుని వాళ్ళని ఓడల్లో ఇక్కడికి దక్షిణాన ఉన్న తోటలకి తెచ్చారు. జ్వరాలకీ ఆకలికీ దెబ్బలకీ సగానికి పైగా పోయారు. మిగిలినవాళ్ళు ఓర్చుకోలేక తోట వదిలి, పిల్లల్ని ఎత్తుకుని, నడిచి ఈ ఊరు చేరి తలదాచుకున్నారు. ఈ కాయ విత్తనాలు వాళ్ళే తెచ్చారని ఇంట్లోవాళ్ళంటారు, కాదని చదువుకున్నవాళ్ళంటారు. మాకు మాత్రం ఇది మా కాయ, అంది డోనా.

నీలిమందు మన వైపూ పండించారు. మా తాతగారి అన్న ఒకాయన ఒప్పందం మీద రంగూన్ ధాన్యం మిల్లులకి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ సంగతి సుధాకర్ ఇంగ్లీషులో చెబితే డోనా నా చెయ్యి నొక్కింది. లేస్తూ, ఆ పులుసు జాగ్రత్త, చాలా ఘాటు, అని సీసా చూపించి మరీ వెళ్ళింది.

మన వైపు జ్వరం తగ్గినవాళ్ళకి నోరు చచ్చిపోయిందంటాం. చచ్చిన నోటిని లేపేది కారమే. మిరియాల చారో, అల్లం పచ్చడో నాలుకకి తగిలితే ముక్కూ కళ్ళూ కారి, మర్నాటికి మనిషి పప్పన్నం అడుగుతాడు. ఇది మా అమ్మ నాకు చెప్పింది, ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది. అందుకే భీమవరం నుంచి కారప్పొడి మోసుకొచ్చాను. సుధాకర్ దాన్ని చూడగానే, "స్పైసీ అసలు పెట్టకండి వదినగారూ, నోట్లో స్కిన్ ఇంకా మానలేదు" అని అలమరా పై అరలో పెట్టేశాడు. వీళ్ళకి జబ్బు తెలుసు గాని నోరు తెలుసా అని నేను అప్పట్లో లోలోపల గొణుక్కున్నాను.

సుధాకర్ కారు వేరేచోట పెట్టడానికి వెళ్ళాడు. నిర్మల సీసా వైపు చూసింది.

"అక్కా, ఇది పనిచేస్తుందంటావా?"

"నీకు టైఫాయిడ్ తగ్గినప్పుడు అమ్మ ఏం పెట్టింది? మిరియాల చారేగా."

"అయితే ఒక్క డ్రాప్ వెయ్యి. ఆయన వచ్చేలోగా."

ఒక్క చుక్కకే వంచాను. సీసా నా మాట వినలేదు, నాలుగైదు పడ్డాయి. పారబోసి వేరే గిన్నె అడగవలసింది. ఆశ ఎంత పని చేస్తుందో చూడండి, కలిపేసి ఇచ్చాను.

నిర్మల ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. అరవలేదు. అరవడానికి గొంతు ఉండాలి కదా. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. డోనా చల్లటి పాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నేను దాని వీపు రాస్తూ, ఉమ్మెయ్యి, ఉమ్మెయ్యి అంటున్నాను. అంతలో సుధాకర్ వచ్చాడు. గిన్నె చూశాడు, సీసా చూశాడు.

"వదినగారూ" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఫోనులో నర్సు చల్లటి పాలు, మంచు ముక్కలు ఇవ్వమంది. రెండు రోజులు చల్లగా, మెత్తగా ఉండేవి తప్ప ఏమీ పెట్టొద్దంది. బుధవారానికి బరువు తగ్గకూడదని వచ్చినవాళ్ళం, ఉన్న కాస్త తిండీ నా చేతులతో నేనే మాన్పించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ సాయంత్రమంతా ఐసుముక్కలు చితక్కొట్టాను. అద్దె ఇంటి వంటగదిలో నిలబడి ఏడ్చాను కూడా.

పాలిచ్చే తల్లి

ఆదివారం. మా తెలుగు చర్చి అక్కడ లేదు. ఇంట్లోనే ఒక కీర్తన పాడుకుని, స్పెయిన్ వాళ్ళు మొదట దిగి ఆరాధన చేశారని చెప్పే చోటికి వెళ్ళాం. నీటి ఒడ్డున తాటిచెట్ల కంటే ఎన్నో రెట్లు ఎత్తున ఉక్కు సిలువ ఉంది. చుట్టూ పాత సమాధులు. ఓక్ చెట్ల కొమ్మల నుంచి బూడిద రంగు నాచు జడల్లా వేలాడుతోంది. వాటి మధ్య తీగలల్లుకున్న చిన్న రాతి గుడి. లోపల మరియమ్మ బిడ్డకి పాలిస్తూ కూర్చుని ఉంటుంది. బిడ్డలు కావాలనేవాళ్ళూ, కడుపుతో ఉన్నవాళ్ళూ వచ్చి కొవ్వొత్తి వెలిగించుకుంటారు.

మేము విగ్రహాల ముందు మోకరించేవాళ్ళం కాము. అందుకని నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నిర్మల మాత్రం తిన్నగా లోపలికి వెళ్ళి ముందు బల్ల మీద కూర్చుంది. దాని పక్కన నిండు గర్భిణి ఒకామె, ఆమె తల్లి కాబోలు ఇంకొకావిడ, చేతులు పట్టుకుని స్పానిష్‌లో ప్రార్థన చేసుకుంటున్నారు. సుధాకర్ సిలువ దగ్గరికి నడిచి వెళ్ళాడు. నిర్మల ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక చెట్టు కింద బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

"ఏం చేశావే లోపల ఇంతసేపు?"

"ఊరికే చూశానక్కా. ఆ పిల్లాడు ఎంత ఈజీగా తాగుతున్నాడో." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నీళ్ళ సీసా మూత తిప్పుతూ మళ్ళీ అంది. "నాకు చావంటే భయం లేదని అనను, ఉంది. కానీ ఆ గొట్టం వద్దక్కా. ఆకలి ఉండదు, వాసన ఉండదు. టైమ్ అవగానే మెషీన్ ఆన్ చేసి పోసేస్తారు. ఈయన పక్కన కూర్చుని అయిపోయింది, అయిపోయింది అంటాడు పాపం. కారుకి పెట్రోల్ కొట్టినట్టు. నేను మనిషిని కాదేమో అనిపించేది."

"మరి తినాలి కదే."

"నోట్లో పెట్టుకుంది ఏమీ కాకపోతే ఎలా మింగను? నువ్వు ఒక కాగితం నమిలి మింగు, చూస్తాను."

నిన్నటి సీసా సంగతికి క్షమాపణ చెప్పబోయాను.

"వదిలెయ్యి. నేనేగా వెయ్యమన్నది" అంది నిర్మల. "మంట పెట్టింది అంతే. రుచి రాలేదు. వచ్చుంటే ఆ మంట భరించేదాన్ని."

దగ్గరలోనే యవ్వనం తెప్పించే ఊటనీళ్ళు ఉన్నాయని ఒక తోట. మనిషికి పన్నెండు డాలర్లు. నెమళ్ళు తిరుగుతున్నాయి. చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో నీళ్ళు పోసి ఇస్తారు. మురిగిన గుడ్డు వాసన. నేను ఒక గుక్క తాగి, ఈ యవ్వనం నాకొద్దని గ్లాసు కింద పెట్టేశాను. సుధాకర్ ముఖం చూసి పక్కనున్న ముసలి దంపతులు నవ్వారు. నిర్మల ముక్కు పట్టుకుని రెండు గ్లాసులు తాగేసింది.

"చల్లగా ఉన్నాయి. నోరు చచ్చినందుకు ఈ ఒక్క లాభం" అంది.

రొయ్యల రేవు

సోమవారం పొద్దున పక్కవీధి హోటల్లో మొక్కజొన్న రవ్వని వెన్నా పాలూ పోసి జావలా ఉడికించి ఇచ్చారు. దాన్ని గ్రిట్స్ అంటారు. చల్లారాక నిర్మల సగం గిన్నె మింగగలిగింది. దేవుడి దయవల్ల నోట్లో పుళ్ళు పెద్దవి కాలేదు. మిగిలింది డబ్బాలో పెట్టించుకున్నాం.

మర్నాడు తిరుగు ప్రయాణం. ఇక చూసేదేమీ లేక పడవల రేవుకి నడిచాం. రేవు అన్నాను గాని ఉన్నది రెండే పడవలు. ఒడ్డున ఒక షెడ్డులో రే అనే ఆయన ఐసు పెట్టెలో రొయ్యలు అమ్ముతున్నాడు. తలలతో సహా పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ, ఏడు డాలర్లు. నేను ఒకటి తీసి పెంకు నొక్కి, మీసం చూసి, మళ్ళీ పెట్టాను. భీమవరం మనిషికి రొయ్య గురించి ఎవరూ చెప్పనక్కర లేదు.

ఎక్కడివాళ్ళని అడిగాడు. ఇండియా అని సుధాకర్ చెప్పాడు. రే తల ఊపి, పెద్ద షాపుల్లో ఫ్రీజర్లలో ఉండేవి చాలావరకు మీ వైపు నుంచి వచ్చేవేనన్నాడు. వాళ్ళ నాన్నకి రెండు పడవలుండేవట. చెరువుల్లో పెంచిన రొయ్యలు చవగ్గా దిగడం మొదలయ్యాక ఒకటి అమ్మేశారు, తర్వాత రెండోది. ఒకప్పుడు ఈ ఊళ్ళో పడవలు కట్టేవాళ్ళే ఎందరో ఉండేవారట.

మా బాబాయి కొడుకులందరికీ రొయ్యల చెరువులే. వరి చేలు తవ్వించి చెరువులు చేశారు, మేడలు కట్టారు. ఆ మేడల్లో నేను భోజనాలు చేశాను. ఆ మేడకి ఈ చివర ఎవరున్నారో నాకు ఎప్పుడూ తట్టలేదు. మాది ఆ చెరువుల ఊరేనని చెప్పమన్నాను. సుధాకర్ మొహమాటపడుతూ చెప్పాడు. రే నా వైపు చూసి, కోపమేమీ లేకుండా, మీవాళ్ళూ బతకాలి కదమ్మా అన్నాడు. తర్వాత నిర్మలని అడిగాడు, మీ ఊళ్ళో వీటిని ఎలా వండుతారని.

మర్యాదకి ఒక మాట చెప్పి ఊరుకుంటుందనుకున్నాను. నిర్మల నీళ్ళు ఒక గుక్క తాగి గొంతు సవరించుకుంది. తలలు పారేయకూడదు, వాటిని నీళ్ళలో మరిగించి ఆ నీళ్ళతోనే అన్నం వండాలంది. లవంగాలూ దాల్చినచెక్కా నేతిలో వేగాక ఉల్లిపాయ ఎర్రబడాలి, నల్లబడకూడదంది. రొయ్య వంకర తిరగగానే దింపెయ్యాలి, లేకపోతే రబ్బరు. మా అమ్మ చివర్లో కొబ్బరిపాలు పోసేది, పులావు అంటాం అంది. రే నవ్వి, మేమూ రొయ్యలతో అన్నం వండుతాం, మేమూ దాన్ని దాదాపు అదే పేరుతో పిలుస్తాం అన్నాడు. జబ్బు వచ్చాక అది తిండి గురించి ఇంతసేపు మాట్లాడడం నేను వినలేదు. మాట్లాడుతూ చెయ్యి గాలిలో గరిటె తిప్పుతోంది. అయ్యాక అలాగే నిలబడి రొయ్యల వైపు చూసింది.

"రెండు పౌన్లు ఇమ్మనండి" అంది సుధాకర్‌తో.

"ఎవరు వండుతారు? వదినగారా?"

"నేనే."

ఉప్పు చూడడం

జబ్బు తర్వాత నిర్మల పొయ్యి దగ్గరికి వెళ్ళనే లేదు. మా ఇళ్ళలో కూర ఉడుకుతుండగా గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకి తగిలించి చూస్తాం. ఉప్పు చూడడం అంటాం. ఉప్పు చూడలేనిది వంటేం చేస్తుందని దాని వాదన.

ఆ మధ్యాహ్నం అద్దె ఇంటి వంటగదిలో అదే నిలబడింది. నేను రొయ్యలు ఒలిచి ఇచ్చాను. కారం లేదు, మసాలా చెక్కలే. కొబ్బరిపాలు డబ్బావి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఉల్లిపాయ వేగే చప్పుడు వింటూ, వాసన చూస్తూ, మంట పెంచుతూ తగ్గిస్తూ ఉంది. రొయ్యలకి ఉప్పు పట్టించింది, ఎసట్లోనూ వేసింది. వేసిన చేతిని ఒకసారి చూసుకుంది. మింగడానికి వీలుగా అన్నం మెత్తగా ఉడికించింది. దింపే ముందు గరిటె నా వైపు చాపింది.

"అక్కా, ఉప్పు చూడు."

అరచేతిలో వేసుకుని చూశాను. ఉప్పు కషాయం. నాలుక పోయినప్పుడే దాని చేతి కొలత కూడా పోయిందని ఆ క్షణంలో అర్థమైంది. తలెత్తి చూస్తే, ఫలితాల కోసం నిలబడిన పదో తరగతి పిల్లలా ఉంది మొహం.

"సరిపోయింది" అన్నాను.

ముగ్గురం కూర్చున్నాం, ప్రార్థన చేశాను. సుధాకర్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు ఒక్క చూపు చూశాడు. నేను పళ్ళెంలోకి చూశాను. "సూపర్‌గా ఉంది నిర్మలా" అని మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. నేను వంచిన తల ఎత్తకుండా తింటున్నాను.

నిర్మల ఒక చెంచా పెట్టుకుంది. ఎప్పటిలాగే నోట్లో ఉంచుకుంది, నీళ్ళు తాగి మింగింది. ఇంకో చెంచా పెట్టుకుంది. ఈసారి నీళ్ళు తాగలేదు. చెంచా కింద పెట్టింది.

"అక్కా. ఉప్పు ఎక్కువైంది కదూ?"

నేను గ్లాసు కింద పెట్టేశాను. "మేం నీళ్ళు తాగుతున్నామని అంటున్నావా?"

"కాదు."

"పుండు మీద మండుతోందేమోనే."

"మంట నాకు తెలీదా? ఇది మంట కాదు. ఇదిగో, ఇక్కడ." చిన్నపిల్లలా నోరు తెరిచి నాలుక కుడి అంచు వేలితో చూపించింది.

నేను నమ్మలేదు. నమ్మి మళ్ళీ మోసపోవడం నా వల్ల కాదు. లేచి, పొద్దుటి మొక్కజొన్న జావ మూడు కప్పుల్లో పోశాను. ఒకటి చప్పిడి, ఒకటి పంచదార, ఒకటి ఉప్పు. కళ్ళు మూసుకోమన్నాను. "అక్కా, పరీక్షలేంటి ఇప్పుడు" అంది. మూసుకో అన్నాను, బడిలో వాడే గొంతుతో.

మొదటి చెంచాకి, కాగితం అంది. రెండోది పంచదారది. దానికీ కాగితమే అంది. మూడోది పెట్టాను. నోరు మూసుకుని ఉండిపోయింది.

"ఉప్పు" అంది.

వరస మార్చి మళ్ళీ పెట్టాను. మళ్ళీ సరిగ్గా చెప్పింది. సుధాకర్ లేచి సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పాడు. గ్లాసు పట్టలేదు, చేతులు కడుక్కోలేదు. మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. నాకు మాత్రం దాచుకోవాలనిపించలేదు, బాహాటంగానే ఏడ్చాను.

బుధవారం తూకంలో బరువు కొంచెం తగ్గిందనే తేలింది. ఉప్పు సంగతి విని డాక్టరు, రుచుల్లో ఏదో ఒకటి ముందు రావడం మంచి గుర్తేనని, గొట్టం మాట ఇంకో నెల వాయిదా వేశారు. తీపి ఇప్పటికీ రాలేదు. వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

అదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం నిర్మల కళ్ళు తెరిచి, కప్పులు పక్కకి నెట్టి, తన పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"టీచరుగా చేసి అంత అబద్ధం ఎలా చెప్పావక్కా? ఇంత ఉప్పు ఎవరైనా తింటారా?"

"పారేసి ఇంకోటి వండుకుందాం లేవే."

"గిన్నెలో ఇంకా ఉందా?"

"ఉంది గాని, ఉప్పు..."

"ఉప్పుందనే కదా అడుగుతున్నాను. వెయ్యి."

గరిటెడు వేశాను. అది తింటుంటే ఈసారి మేమిద్దరం వేరే ఎటో చూస్తున్నట్టు నటించలేదు.